ఇంజనుకు ముందు బండి

రాజమహేంద్రవరంలో బయలుదేరి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాటి చింతూరు వైపు సాగే బండి ఒక్క పూటలోనే రెండు రకాల నేలలను చూస్తుంది. దిగువన గోదావరి ఒండ్రు పరచిన సమతలం. అక్కడి కాలువగట్ల మీద బాట సన్నమే కాని ఎత్తుపల్లాలు లేవు. ఎగువన మన్యం, అక్కడ ఎక్కుడు వెంట మలుపు, మలుపు వెంట లోయ. వానకాలం వస్తే దిగువన జిగట బురద, ఎగువన పొంగే వాగు. ఈ రెంటినీ తట్టుకొనగల బండి అని మనవారు చాలా కాలంగా నమ్మినది జీపును.

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. 1941 నుంచి రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేవరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డు సంస్థలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించాయి. 1940ల చివర బొంబాయిలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల భాగాలను తెప్పించి ఇక్కడ కూర్చడం ప్రారంభించింది. క్రమంగా జీపుల తయారీయే ఈ దేశంలో స్థిరపడింది. ప్రభుత్వ శాఖల ఉద్యోగులు పల్లెలు తిరిగినది ఆ బండి మీదనే. ఎన్నికల ప్రచారం సాగినది ఆ బండి మీదనే. మన్యంలో జనాన్ని సంతకు చేర్చినదీ అదే. 1980లలో ఫ్రాన్సు దేశపు పూజో సంస్థ నమూనా డీజిలు ఇంజను మహీంద్రా జీపులలోకి వచ్చింది. 1985లో మారుతీ వారి జిప్సీ, 2010లో మహీంద్రా వారి థార్ వచ్చాయి. అయినప్పటికీ పాత జీపును అమ్ముకొనలేక పెరటి కొట్టంలో ఉంచుకొన్న కుటుంబాలు ఉన్నాయి.

ఈనాడు ఆ పాత జీపు పక్కన కొత్త బండి నిలిచింది. 2020లో విడుదలైన రెండవ తరం థార్ పెట్రోలు బండికి 150 అశ్వశక్తి గల ఇంజను ఉన్నది. యుద్ధకాలపు జీపు ఇంజనుకు ఉన్నది 60. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన యువకునికి ఒక కోరిక పుట్టడం సహజం. తాతగారు కొన్న జీపు ఇంట్లోనే ఉన్నది. దానికి బలమైన ఇంజను ఒకటి వేయిస్తే కొత్త బండి బలం తక్కువ ఖర్చుతో వస్తుంది గదా అని అనుకొంటాడు. తండ్రిని డబ్బు అడుగుతాడు. తండ్రికి ఇంజన్ల సంగతి తెలియదు. కుమారునికి తెలిసినది ఇంజను సంగతి ఒక్కటే. వీరిద్దరికీ పనికివచ్చే మాట ఒకటి చెప్పవలెనని నా ఉద్దేశం.

ఆ మాట ఇది: బలం అన్నది బండికి మొట్టమొదట చేర్చవలసినది కాదు, చిట్టచివర చేర్చవలసినది. 150 అశ్వశక్తి ఇంజనును తయారుచేసినవారు దానిని తెచ్చి పాత జీపు చట్రంలో బిగించలేదు. ఆ బలాన్ని నిలిపివేయడానికి తగిన బ్రేకులు, దానిని చక్రాలకు చేర్చడానికి తగిన గేర్లు, ఇరుసులు, దాని వేడిని బయటికి పంపడానికి తగిన రేడియేటరు, దాని వేగాన్ని అదుపులో ఉంచడానికి తగిన స్టీరింగు, ఇవన్నీ ఆ ఇంజనుతో పాటు లెక్క కట్టి సమకూర్చారు. మనం ఇంజనును మాత్రమే ఎరువు తెచ్చుకొన్నయెడల తక్కిన లెక్క అంతా అప్పుగా మిగిలిపోతుంది. ఆ అప్పు తీర్చవలసిన సమయం సాధారణంగా ఘాట్ రోడ్డు దిగుడులో వస్తుంది.

ఈ నీతి గోదావరి వారికి కొత్తది కాదు. ధవళేశ్వరం దగ్గర 1847లో ప్రారంభమై 1852లో పూర్తి అయిన ఆనకట్టను తలచుకోండి. ఆ నిర్మాణం కోసం కొండరాయి తీసే ఏర్పాటు, ఆ రాయిని మోసుకువచ్చే పట్టాల బాట, ఇనుప పనులకు కార్ఖానాలు అమర్చుకోవలసి వచ్చింది. ఆనకట్ట లేచిన తరువాత కూడా నీరు పొలానికి చేరినది పంటకాలువల వల్ల. చేను మునగక నిలిచినది మురుగుకాలువల వల్ల. మురుగుకాలువ పూడిపోయిన ఊరిలో పంటకాలువ నిండుగా పారితే ఏమవుతుందో డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. బండిలో ఇంజను పంటకాలువ వంటిది. బ్రేకులు, చల్లబరచే ఏర్పాటు మురుగుకాలువ వంటివి. ఒకదానిని పెంచి రెండవదానిని మరచినయెడల మునిగేది మన చేనే.

పనికి పూనుకొనే ముందు వేసుకొనవలసిన మొదటి ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ బండికి నిజంగా కొత్త ఇంజను అవసరమా? పాత జీపు ఎక్కుడులో మొరాయిస్తే తప్పంతా ఇంజను మీద వేయడం అలవాటు. కాని బ్రేకు లైనింగు డ్రమ్మును రాసుకొంటూ బండిని వెనుకకు లాగుతూ ఉండవచ్చు. క్లచ్చి ప్లేటు అరిగి జారుతూ ఉండవచ్చు. గాలి వడపోసే ఫిల్టరు దుమ్ముతో మూసుకొనిపోయి ఉండవచ్చు. చక్రాలలో గాలి తక్కువ ఉండవచ్చు. ఇవి సరిచేసి, సిలిండర్ల కంప్రెషను ఒక్కొక్కటిగా కొలిపించండి. నాలుగు సిలిండర్లూ ఇంచుమించు సమానంగా, తగినంత ఒత్తిడి చూపినయెడల ఇంజనులో ఇంకా జీవం ఉన్నదన్నమాట. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఇంజను ఖర్చులో ఏ పాటిదీ కాదు. బండిని సుస్తీ చేసిన జబ్బులో సగం ఇంజను బయటనే దొరకడం మెకానిక్కులు ఎరిగిన విషయమే.

ఇంజను తప్పనిసరి అని తేలినదనుకొందాం. అప్పుడు మొదట చేయి పెట్టవలసినది బ్రేకులకు. కొన్ని అంకెలు చెబుతాను. అవి భయపెట్టడానికి కాదు, కొలత తెలియడానికి. మనుషులతో, సామానుతో కలిసి 1,500 కిలోల బరువున్న జీపు 300 మీటర్ల ఎత్తు నుంచి దిగినదనుకోండి. ఆ దిగుడులో అది కోల్పోయిన ఎత్తు అంతా వేడిగా మారవలసిందే. ఆ వేడి ఎంత? మామూలు బిందెడు నీళ్ళు, అనగా 15 లీటర్లు, మరగడానికి కావలసినంత. ఇంజనును గేరులో ఉంచి దిగితే అందులో కొంత భాగం ఇంజను తీసుకొంటుంది. న్యూట్రలులో దిగితే ఇంచుమించు అంతా బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది; లైనింగు పట్టు తప్పుతుంది; పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. కొండ ఎక్కిన గేరులోనే కొండ దిగమని పాత డ్రైవర్లు చెప్పిన మాటకు ఇదే ఆధారం.

వేగం సంగతి ఇంకా కఠినమైనది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపడానికి ఎంత శక్తిని హరించవలెనో, 60 కిలోమీటర్ల వేగంతో పోయేదానిని ఆపడానికి అంతకు రెండుంబావు రెట్లు హరించవలె. వేగం ఒకటిన్నర రెట్లే అయింది. బ్రేకు మీద భారం మాత్రం రెండింతలు దాటింది. యుద్ధకాలపు విల్లీసు జీపుకు నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ములు ఉండేవి. నాలుగింటికీ బ్రేకు ఆయిలు ఒకే మాస్టరు సిలిండరు నుంచి, ఒకే మార్గంలో పోయేది. ఏ చక్రం దగ్గర గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. ఆ బ్రేకులను 60 అశ్వశక్తి బండికి లెక్క చేసి పెట్టారు. అటువంటి బండికి ఇంజను పెంచదలచినవారు ముందు వెడల్పైన డ్రమ్ములో, డిస్కులో అమర్చుకొని, ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు వేరువేరు మార్గాలు గల మాస్టరు సిలిండరు వేయించుకోవలె. హ్యాండు బ్రేకు ఎక్కుడులో బండిని కదలకుండా పట్టుకొంటున్నదో లేదో కూడా చూడవలె.

మన డెల్టాలో బ్రేకులకు మరొక శత్రువు తేమ. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. సాధారణంగా వాడే డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకూడదని నియమం. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోతుంది. ఘాట్ దిగుడులో ఆయిలు మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడలు నేలకు తగులుతుంది, బ్రేకు పట్టదు. అందుచేత రెండేళ్ళకు ఒకసారైనా పాత ఆయిలు పూర్తిగా తీసివేసి కొత్తది పోయించవలె. వాగు దాటిన బండిలో డ్రమ్ములలోకి నీరు చేరుతుంది. దాటిన వెంటనే వేగం పెంచక, కొంతదూరం బ్రేకు పెడలును మెల్లగా తొక్కుతూ పోయి డ్రమ్ములను ఆరబెట్టుకోవలె.

బ్రేకుల తరువాత స్టీరింగు, కమాన్లు, చట్రం. పాత జీపు స్టీరింగు చక్రాన్ని అటూ ఇటూ కొంతదూరం తిప్పినా ముందు చక్రాలు కదలకపోవడం చాలామంది చూసినదే. మెల్లగా పోయే బండిలో దానిని అలవాటుగా సర్దుకొంటాం. వేగం పెరిగిన బండిలో అదే ఖాళీ ప్రాణాంతకం అవుతుంది. కింగ్ పిన్నులు, టై రాడ్డు చివర్లు, చక్రాల బేరింగులు, కమాన్ల బుష్షులు, అరిగినవన్నీ మార్చవలె. ఒక విషయం మరచిపోరాదు: డీజిలు ఇంజను సాధారణంగా అదే బలం గల పెట్రోలు ఇంజను కంటె బరువు. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెడితే ముందు కమాన్లు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది. ఆ బరువుకు తగిన కమాన్లు ముందే వేయించవలె. సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి చట్రం లోపలివైపున తుప్పు పడుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. ఇంజనును మోసే చోట్ల చట్రాన్ని సుత్తితో తట్టి, గీకి, పగుళ్ళు ఉన్నవేమో చూడవలె. పగిలిన చట్రం మీద కొత్త ఇంజను పెట్టడం పుచ్చిన దూలం మీద మేడ కట్టడం వంటిది.

ఇక బలాన్ని చక్రాలకు చేర్చే భాగాల సంగతి. ఇక్కడ చాలామందికి తట్టని లెక్క ఒకటి ఉన్నది. యుద్ధం తరువాత పౌరుల కోసం విల్లీసు వారు చేసిన జీపులో మొదటి గేరు ఇంజను మెలి బలాన్ని సుమారు 2.8 రెట్లు చేస్తుంది. నాలుగు చక్రాలకూ బలం పంచే ట్రాన్సుఫరు పెట్టెలోని లో గేరు దానిని 2.46 రెట్లు చేస్తుంది. ఇరుసు మధ్యనున్న క్రౌను, పినియను 5.38 రెట్లు చేస్తాయి. మూడింటినీ గుణిస్తే 37. అనగా ఇంజను 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. రాపిడి నష్టం మాట అటుంచితే, ఇంజను మెలి 37 రెట్లై ఇరుసులను చేరుతుంది. ఆ ఇంజను మెలి సుమారు 14.5 కిలోగ్రాము-మీటర్లు. ఇరుసుల దగ్గరకు వచ్చేసరికి అది సుమారు 540. మీటరు పొడవున్న కడ్డీ చివర 540 కిలోల బరువు వేలాడదీసినట్లన్నమాట.

ఇప్పుడు 20 కిలోగ్రాము-మీటర్ల ఇంజను వేశామనుకోండి. ఇంజను దగ్గర పెరిగినది ఐదున్నర మాత్రమే. ఇరుసుల దగ్గర పెరిగినది 200కు పైన. చక్రం బురదలో కూరుకొని కదలకుండా ఉన్న సమయంలో డ్రైవరు ఒక్కసారి ఇంధనం తొక్కితే ఆ అదనపు మెలి అంతా ఒకే ఇరుసు కడ్డీ మీద పడవచ్చు. అప్పుడు విరిగేది ఇంజను కాదు. క్లచ్చి కాలుతుంది, లేదా ప్రొపెల్లరు షాఫ్టు క్రాసు పగులుతుంది, లేదా ఇరుసు కడ్డీ తెగుతుంది. వాగు నడుమ ఇరుసు తెగిన బండికి ఎంత బలమైన ఇంజను ఉన్నా ఉపయోగం లేదు. కనుక క్లచ్చి, క్రాసులు, ఇరుసు కడ్డీలు, గేరు పెట్టె బేరింగులు ఎంత మెలిని తట్టుకోగలవో ముందుగా కనుగొని, దానికి లోబడిన ఇంజనునే ఎన్నుకోవలె. రైతు బరువైన బండి కట్టదలచినప్పుడు ఎద్దులతో పాటు ఇరుసు, కాడి కూడా చూసుకొంటాడు. ఇదీ అంతే.

వేడి సంగతికి వద్దాం. పెట్రోలు ఇంజనులో కాలిన ఇంధనపు శక్తిలో పనిగా బయటికి వచ్చేది నాలుగవ వంతు నుంచి మూడవ వంతు వరకే. మిగిలినది వేడి. అందులో కొంత పొగగొట్టం గుండా పోతుంది. పెద్ద భాగాన్ని రేడియేటరు బయటికి పంపవలె. ఇంజను బలాన్ని రెట్టింపు చేసి పూర్తిగా వాడుకొంటే వేడి కూడా ఇంచుమించు రెట్టింపు అవుతుంది. బల్లపరుపు రోడ్డు మీద వేగంగా పోయే బండికి ఎదురుగాలి సహాయం ఉంటుంది. లో గేరులో కొండ ఎక్కే బండికి ఆ సహాయం లేదు. ఇంజను ముమ్మరంగా పనిచేస్తుంది, బండి నడకవేగంతో కదులుతుంది, గాలి అంతా పంకాయే లాగవలె. దానిపై మన వేసవి ఎండ. కాబట్టి పెద్ద రేడియేటరు, పంకా చుట్టూ గాలిని కూడదీసే తొడుగు, మంచి నీటిపంపు, కొత్త గొట్టాలు ఇంజను రాకముందే అమరవలె.

ఇక్కడ డెల్టాకు ప్రత్యేకమైన జాగ్రత్తలు రెండు ఉన్నాయి. నూర్పిళ్ళ రోజులలో కళ్ళాల పక్కన తిరిగిన బండి రేడియేటరు రేకుల సందులలో వరిపొట్టు, గడ్డిపోచలు, వాటి మీద బురద చేరి ఇటుకగోడ వలె గట్టిపడతాయి. వాటిని లోపలివైపు నుంచి బయటివైపుకు నీటితో మెల్లగా కడగవలె. రెండవది, తీరప్రాంతపు ఊళ్ళలో బోరునీరు చాలాచోట్ల ఉప్పన. ఆ నీటినే రేడియేటరులో పోస్తే లోపలి గొట్టాలలో గార కట్టి, లోహం తినివేయబడుతుంది. శుద్ధజలంలో కూలెంటు కలిపి పోయవలె. రేడియేటరు మూత కూడా చిన్న విషయం కాదు. అది లోపలి ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అదనంగా నిలిపితే నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 120 డిగ్రీలకు గాని మరగదు. మూత రబ్బరు పోయినయెడల ఆ రక్షణ పోతుంది. వేడిగా ఉన్న మూతను ఎన్నడూ తెరవరాదు, ముఖం కాలుతుంది.

నీటిలో, బురదలో తిరిగే బండికి ఊపిరి మార్గాలు కూడా చూడవలె. ఇంజను గాలితో పాటు నీటిని పీల్చిందంటే పని ముగిసినట్లే. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పైకి లేచిన పిస్టను నీటిని నొక్కలేక, కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ఎంతో ఖర్చుపెట్టి కట్టిన ఇంజను ఒక్క క్షణంలో ఇనుపముద్ద కావచ్చు. గాలిగొట్టాన్ని ముందుటద్దం ఎత్తుకు తీసుకుపోవడం ఇందుకే. అంతగా తెలియని మరొక సంగతి ఇరుసు గూళ్ళది. దూరం పరుగెత్తి వేడెక్కిన ఇరుసు గూడు చల్లని వాగులో మునగగానే లోపలి గాలి సంకోచించి, సీళ్ళ సందుల గుండా నీటిని లోపలికి లాక్కొంటుంది. ఆయిలు పాల వలె తెల్లబడుతుంది. కొన్నాళ్ళకు బేరింగులు, క్రౌను పాడవుతాయి. గూటికి ఉండే గాలిరంధ్రానికి సన్నని రబ్బరు గొట్టం తగిలించి ఎత్తుకు తీసుకుపోతే ఈ బాధ తప్పుతుంది. పైసల ఖర్చుతో రూపాయల నష్టం ఆపే పని ఇది.

టైర్ల విషయంలో మోజు తొందరపెడుతుంది. పాత జీపు టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు. దాని చోట 31 అంగుళాల బురద టైర్లు వేస్తే చూపుకు ఠీవిగా ఉంటుంది. కాని చక్రం పదింట ఒక వంతు పెరిగింది గనుక గేర్ల లాగుబలం ఆ మేరకు తగ్గుతుంది. బ్రేకుల పట్టు కూడా ఆ మేరకు తగ్గుతుంది. స్పీడోమీటరు 40 చూపేటప్పుడు బండి 44 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. టైర్లు పెంచి, అందువల్ల తగ్గిన లాగుడును ఇంజను మీద నెట్టి, దాని కోసం పెద్ద ఇంజను కొనడం తరచుగా జరిగే పొరపాటు. తగిన గాడి గల, కంపెనీ చెప్పిన కొలతకు దగ్గరగా ఉన్న టైర్లు చాలినంత పని చేస్తాయి. ఇసుకలో, బురదలో గాలి కొంత తగ్గించి, రోడ్డెక్కగానే మరల నింపుకోవడానికి చేతిపంపు దగ్గర ఉంచుకోవలె.

ఇవన్నీ ఇంజను వేసిన తరువాత, డబ్బు చేతికి అందినప్పుడల్లా ఒక్కొక్కటి చేయించుకోరాదా అని అడగవచ్చు. కూడదనడానికి కారణాలు ఉన్నాయి. మొదటిది, పాత ఇంజను ఎంత బలహీనమైనా మనకు తెలిసిన ఇంజను. దానితో నడుపుతూ ఒక్కొక్క భాగాన్ని బాగుచేస్తే ఏ మార్పు ఏ ఫలితాన్ని ఇచ్చిందో స్పష్టంగా తెలుస్తుంది. అన్నీ ఒక్కసారే మారిస్తే తప్పు ఎక్కడున్నదో బ్రహ్మకు కూడా తెలియదు. రెండవది, కొత్తగా కట్టిన ఇంజనుకు మొదటి వెయ్యి కిలోమీటర్లు బాలింత రోజుల వంటివి. రింగులు, బేరింగులు అప్పుడే కుదురుకొంటాయి. ఆ సమయంలో పాత రేడియేటరులో వేడెక్కినా, చినిగిన గాలిగొట్టం గుండా దుమ్ము పీల్చినా, ఆ ఇంజను పుట్టుకతోనే ముసలిదవుతుంది. మూడవది మనుష్య స్వభావం. కొత్త ఇంజను మోగిన రోజున దాని బలం చూడకుండా ఉండగల యువకుడు అరుదు. బ్రేకులు వచ్చే నెలలో అని వాయిదా వేసినవాడు ఈ నెలలోనే ఘాట్ ఎక్కుతాడు.

2019 అక్టోబరులో మారేడుమిల్లి, చింతూరు నడుమ ఘాట్ రోడ్డు మీద యాత్రికుల బస్సు లోయలో పడి పలువురు మరణించారు. ఆ దుర్ఘటన కారణాలను నేను ఇక్కడ విచారించడం లేదు. ఆ దారిలో ఒక తప్పుకు రెండవ అవకాశం ఉండదని గుర్తుచేయడమే నా ఉద్దేశం. బండిలో నడిపేవాడు ఒక్కడే ఉండడు. వెనుక కూర్చున్నవారు, ఎదురుగా వచ్చేవారు, బాట పక్కన కట్టెలమోపుతో నడిచే కొండవాసులు ఉంటారు. వారెవరూ మన ఇంజను బలాన్ని కోరలేదు. కనుక సీటు బెల్టులు, బోల్తా పడినప్పుడు తలను కాచే ఇనుప కమ్మీ, చట్రానికి గట్టిగా బిగించిన లాగుడు కొక్కేలు, మోకు, అగ్నిమాపక సాధనం కూడా ఈ పనుల జాబితాలోనివే. బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు తాడు తెగితే కొరడా వలె కొడుతుంది; ఆ వరుసలో ఎవరినీ నిలబడనీయరాదు.

చట్టం మాట కూడా వినవలె. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం బండికి చేసే మార్పులను గురించి చెబుతుంది. తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక ఇంజను మార్చదలచినవారు పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి ఏది అనుమతిస్తారో తెలుసుకొని, వ్రాతపూర్వకంగా అనుమతి పొంది, తరువాత రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను సంఖ్య మార్పించుకోవలె. ఇరుసు, బ్రేకు, టైరు కొలతల మార్పులను గురించి కూడా అప్పుడే అడగవలె. పత్రంలో ఒక ఇంజను, బండిలో మరొక ఇంజను ఉంటే ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థతో వివాదం తప్పదు. నేను పైన చెప్పిన పనులలో చాలాభాగం మార్పులు కావు, మరమ్మతులే. వాటికి ఎవరి అనుమతీ అక్కరలేదు. బండి సిద్ధమైనంత మాత్రాన అడవి అంతా మనదీ కాదు. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. అటవీశాఖ అనుమతి లేని బాటలలోకి చక్రం దింపరాదు.

మొత్తం మీద క్రమం ఇది. ముందు పరీక్ష, తరువాత బ్రేకులు, ఆ తరువాత స్టీరింగు, కమాన్లు, చట్రం, అటుపైన క్లచ్చి నుంచి ఇరుసుల వరకు, పిమ్మట రేడియేటరు, గాలిమార్గం, ఇంధనపు గొట్టాలు, విద్యుత్ తీగలు. ఈ పనులన్నీ పాత ఇంజనుతోనే ముగించి, ఒక వానకాలం డెల్టా బురదలోను, ఒక వేసవి మన్యపు ఎక్కుడులోను నడిపి చూడండి. ఆ ఏడాదిలో బండి లోపాలు బయటపడతాయి. డ్రైవరు చేయి కుదురుతుంది. ఇంజను కోసం డబ్బు కూడబెట్టడానికి వ్యవధి దొరుకుతుంది. ఏడాది గడిచిన తరువాత కొత్త ఇంజను అక్కరలేదని తోచినా ఆశ్చర్యం లేదు. చక్కగా ఆగి, చల్లగా నడిచి, చెప్పిన వైపు తిరిగే పాత జీపు చాలామందికి చాలినంత బండి.

ఇంకా కావలెనని కోరిక నిలిచినయెడల అప్పుడు నిర్భయంగా ఇంజను వేయించవచ్చు. కనుక ఇంటి పెద్దలకు నా మనవి ఒక్కటే. డబ్బు అడిగిన కుమారునికి వద్దని చెప్పకండి. చెబితే ఏదో ఒక చోట పాత ఇంజను కొని, చాటుగా వేయించుకొంటాడు. అడిగినదానిలో మొదటి వాయిదా ఇచ్చి, దానితో ముందు బ్రేకులు చేయించుకొని రమ్మనండి. ఆ పని ఎంత శ్రద్ధగా చేయించుకొని వచ్చాడో చూస్తే, ఇంజను అతని చేతికి ఇవ్వవచ్చునో లేదో మీకే తెలుస్తుంది.